తగు సలహా ఇవ్వడమైనది

ఆమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లకి శిక్షణ పెట్టి, రిటైరైన వాళ్లలో ఒకరిద్దరి చేత నాలుగు మంచి మాటలు చెప్పిద్దామని నన్నూ పిలిచారు. నా దగ్గర మంచి మాటలు లేవు, నేను చేసిన ఒక చెడ్డ పని ఉంది, అది చెప్తానన్నాను. అందరూ నవ్వారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. శాలువా కప్పి మైకు తీసేసుకున్నారు. శాలువా బాగానే ఉంది. చెప్పాల్సింది మాత్రం నాలోనే ఉండిపోయింది కాబట్టి ఇలా రాస్తున్నాను. మీలో ఓపికున్నవాళ్లు చదవండి.

నేను సైన్సు టీచర్‌ని. మాది విజయనగరంలో సంగీతమూ చదువూ తప్ప మరో ఆస్తి లేని ఇల్లు. మా తాతగారు గుడిలో వీణ వాయించేవారు, కీర్తనలన్నీ స్వయంగా రాసి పెట్టుకునేవారు. ఆ అక్షరాలు చూపించి మా నాన్న మమ్మల్ని పెంచారు. దస్తూరి బాగుంటే మనిషి బాగున్నట్టే అని మా ఇంట్లో ఒక నమ్మకం. అది తప్పుడు నమ్మకమని అనడం లేదు. దాన్ని పట్టుకుని నేను ఎంత తప్పు చేశానో చెప్తాను.

రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది నాకు శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డునున్న ఒక హైస్కూలుకి బదిలీ అయింది. ఊరి పేరు చెప్పను. తప్పు మాది, ఊరిది కాదు. నరసన్నపేటలో అద్దెకుండి, కొంత దూరం బస్సులో, కొంత దూరం షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. ఆటోలో తిరుగుప్రయాణానికి చేపల గంపలు కూడా ఎక్కేవి. నేను ముందు సీటు చివర కూర్చుని, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకునేదాన్ని. మేము తినం కదా, అలవాటు లేదని చెప్పుకునేదాన్ని. గంపల ఆవిడలు చూసి ఏమీ అనేవారు కాదు, కొంచెం జరిగి కూర్చునేవారు.

పిల్లల్లో ముప్పాతిక మంది వేటకి వెళ్లే ఇళ్లవాళ్లు. తండ్రులు చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉండేవారు. పిల్లలు గట్టిగా మాట్లాడతారు, గట్టిగా నవ్వుతారు, కొట్టుకుంటే రక్తాలొచ్చేలా కొట్టుకుని మర్నాడు ఒకే కంచంలో తింటారు. వీళ్లకి మనోవ్యాధులేమిటి, అవన్నీ పట్నంలో ట్యూషన్ పిల్లలకి కదా అనుకునేదాన్ని. స్టాఫ్‌రూములో అందరి అభిప్రాయమూ అదే. ఆ ఊరి మనుషులతో మాట కలపకుండానే వాళ్ల గుండె ఎంత గట్టిదో మేము తేల్చేశాం.

ఆ ఏడాదే పైనుంచి కొత్త కార్యక్రమం వచ్చింది: జీవన నైపుణ్యాలు, విద్యార్థుల మానసిక ఆరోగ్యం. ప్రతి స్కూలు నుంచి ఒక టీచరు శిక్షణకి వెళ్లాలి. మా హెడ్మాస్టరు నన్ను పంపారు. "ఆడపిల్లలతో మాట్లాడాలి కదా మేడం, మీరే కరెక్టు" అన్నారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. మనిషి చెడ్డవాడు కాదు. కాని రిజిస్టర్ల పిచ్చి. రికార్డులో ఉంటే పని జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఆయన దృష్టిలో వాన కూడా రిజిస్టరులో ఎక్కిస్తేనే పడ్డట్టు.

శిక్షణ మూడు రోజులు. బెలూన్లు ఊదించారు, కళ్లకి గంతలు కట్టి ఒకరి చెయ్యి ఒకరి చేత పట్టించి నడిపించారు. వినడం అంటే ఏమిటో ఒకాయన మూడు గంటలు ఆపకుండా చెప్పాడు. మేము వెనక వరసలో కూర్చుని జీతాల సవరణ గురించి మాట్లాడుకున్నాం. చివర్లో ఒక సంచీ, ఒక పుస్తకం, ఒక రిజిస్టరు నమూనా చేతిలో పెట్టారు. శనివారం చివరి పీరియడు పిల్లలతో కూర్చుని వాళ్ల మనసులో మాట వినాలి. విన్నది రిజిస్టరులో ఎక్కించాలి. గడులు నాలుగు: తేదీ, విద్యార్థి సమస్య, ఇచ్చిన సలహా, ఉపాధ్యాయుని సంతకం. పిల్లల పేర్లు రాయకూడదు.

శనివారం చివరి పీరియడంటే పదో తరగతికి బంగారం లాంటి పీరియడు. అప్పటికే సిలబస్ వెనకబడింది. జిల్లాలో నూటికి నూరు శాతం తెచ్చే స్కూళ్ల జాబితాలో మా పేరు ఉండాలని అందరికీ ఒకటే తపన. నేను రెండు శనివారాలు పిల్లలతో కూర్చున్నాను. "మీ సమస్యలు చెప్పండి" అన్నాను. ఒకడు లేచి "ఆకలి టీచర్" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మూడో శనివారం నుంచి ఆ పీరియడులో కాంతి వక్రీభవనం చెప్పాను.

మరి రిజిస్టరు? దానికో దారి దొరికింది. మన బడుల్లో ఇది కొత్తదేమీ కాదు, మీరూ చేస్తూనే ఉంటారు. చక్కటి దస్తూరి ఉన్న పిల్లని ఒకదాన్ని పట్టుకుని రికార్డులన్నీ ఆ పిల్ల చేత రాయిస్తాం. పదో తరగతిలో అలాంటి అమ్మాయి ఒకతి ఉండేది. సన్నగా, నల్లగా, తక్కువ మాట్లాడేది. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ఒక్కటీ గీత దాటకుండా, మా తాతగారి కీర్తనల పుస్తకం గుర్తొచ్చేలా ఉండేవి. చూసిన మొదటి రోజే ముచ్చటపడిపోయాను.

ల్యాబ్ గదిలో కూర్చోబెట్టి రిజిస్టరు చేతికిచ్చి, "వారానికి రెండో మూడో రాయి. ఒక సమస్య, దానికో సలహా. తారీఖు వేసి సంతకానికి జాగా వదిలెయ్" అన్నాను.

"ఎవులి సమస్య రాయమంతారు టీచర్?" అంది.

"ఎవరిదైనా రాయి. పిల్లలకుండేవేగా, నీకు తెలియవూ?"

"సలహా?"

"టీచరయితే ఏం చెప్తుందో ఊహించి రాయి."

నాకేసి కొంచెంసేపు చూసి తల ఊపింది. స్కేలు తీసుకుని గడులు గీయడం మొదలుపెట్టింది. నేను వక్రీభవనం చెప్పడానికి వెళ్లిపోయాను.

ఆ పిల్ల గురించి నాకు తెలియాల్సింది నాకు తెలుసు. అంతకుముందు వేసవి చివర్లో వేటకెళ్లిన పడవ ఒకటి ఒడ్డుకి కనుచూపు దూరంలోనే బోల్తా పడింది. ముగ్గురు ఈదుకొచ్చారు. నాలుగోవాడు రాలేదు, రెండోనాడు శవం కొట్టుకొచ్చింది. అతను ఈ అమ్మాయికి మేనమామ. తండ్రి గుజరాత్‌లో ఉంటే ఇంటికి మగదిక్కు అతనే. ఆ రోజు అమ్మాయి ఒడ్డునే నిలబడి అంతా చూసిందట. బడి తెరిచాక ప్రార్థనలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత క్లాసులకి వెళ్లిపోయాం. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి ఒక్క మాట అడిగినవాళ్లు మా పన్నెండుమంది టీచర్లలో ఒక్కరు లేరు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, ఇందులో నా పిడికిలి కొంచెం పెద్దది. ఎందుకంటే శిక్షణకి వెళ్లింది నేను.

చెప్పినవాళ్లు లేకపోలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఆ అమ్మాయికి మేనత్త. దసరా సెలవుల ముందు ఒకరోజు చేతులు తుడుచుకుంటూ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, మా అన్న కూతుర్ని ఒకపాలి సూడండి. కూడు తినడం నేదు. రేత్రుళ్లు లేసి కూకుంతాది. గుండె దడదడా కొట్టుకుంతాదంట, ఊపిరి ఆడదంట. తాయెత్తు కట్టించినాం, తగ్గనేదు. మీకాడ సదువుకుంతాది కదా, మీకైతే సెప్తాది."

నా ముందు యూనిట్ టెస్టు పేపర్ల కట్ట ఉంది. "పదో తరగతి కదమ్మా, పరీక్షల భయం. పడుకునే ముందు పాలు తాగించండి" అన్నాను.

"పరీచ్చలంటే భయపడే గుంట కాదమ్మా అది" అంది ఆవిడ.

"నేను మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడదామనే అనుకున్నాను. మీకొక సంగతి చెప్పనా? ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను అబద్ధాలాడింది తక్కువ. నేను చేసిన చెరుపంతా ఇదిగో ఈ 'మాట్లాడతాలే' తోనే చేశాను.

ఇలా నెలలు గడిచాయి. ప్రతి సోమవారం రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చేది. పేజీ కింద సంతకం పెట్టేదాన్ని. అక్షరాలు చూసి సంతోషించేదాన్ని, వాక్యాలు చదవలేదు. చదవడానికి అందులో ఏముంది, మేము కల్పించమన్నవే కదా అనుకున్నాను.

జనవరిలో జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు రిజిస్టర్లన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ తిరగేశారు. నేను క్లాసుకి వెళ్తుంటే వరండాలో ఆపారు.

"మేడం, మీ జీవన నైపుణ్యాల రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ కనబడితే రిమార్కు రాస్తారు. నింపెయ్యండి."

చూశాను. సలహా గడి ఖాళీ. ఆ పేజీలో ఆ గడి మిగతావాటికంటే వెడల్పుగా, దాదాపు అర పేజీ ఉంది. గీతలు సరిగ్గా గీయలేదని పిల్ల మీద విసుక్కున్నాను కూడా. బెల్లు మోగుతోంది. కిటికీ గట్టు మీద రిజిస్టరు పెట్టి, ఆయన జేబులో పెన్ను తీసుకుని, ఆ పెద్ద గడి మధ్యలో రాశాను: తగు సలహా ఇవ్వడమైనది. కింద సంతకం. పక్క గడిలో ఏముందో చూడలేదు. ఎడమచేతి వైపు నాలుగంగుళాలు కళ్లు తిప్పితే కనిపించేది.

ఆ శనివారం ఆ అమ్మాయి యథాప్రకారం రిజిస్టరు తీసుకుని రాసింది. నా రాత చూసే ఉంటుంది. నాకు అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

తనిఖీ రోజు మా బడి పెళ్లిల్లులా ఉంది. ఆకుపచ్చ తోరణాలు, ముగ్గులు, బోర్డుల మీద రంగు సుద్దలు. హెడ్మాస్టరు నలుగురు పిల్లల్ని ఏరి తన గదిలో ఒక పక్క నిలబెట్టారు. అధికారి అడిగితే పది జీవన నైపుణ్యాలు వరసగా అప్పజెప్పాలి. ఆ నలుగురిలో మా దస్తూరి అమ్మాయి ఒకతి. పిల్లలు ఎక్కాలు చదివినట్టు అప్పజెప్పారు. తాదాత్మ్యం దగ్గర ఒకడికి నోరు తిరగలేదు. డ్రిల్లు మాస్టారు వెనకనుంచి అందించారు.

వచ్చినాయన కుర్రవాడు. కాఫీ పక్కన పెట్టి రిజిస్టరు తెరిచాడు. మా హెడ్మాస్టరు ముఖం వెలిగిపోయింది. ఆయన పేజీలు తిప్పుతాడనుకున్నాం. చదవడం మొదలుపెట్టాడు. నా మొత్తం ఉద్యోగంలో రిజిస్టరు చదివిన అధికారిని ఆయనొక్కణ్ణే చూశాను. ఒక పేజీ దగ్గర ఆగి, మరోసారి చదువుకుని, తలెత్తాడు.

"ఇది ఎవరు చూస్తున్నారు?"

నేను లేచాను.

ఆయన పైకి చదివాడు. "ఒక అమ్మాయి వాళ్ల మావతో ఎప్పుడూ ఎగతాళి ఆడేది. ఒకరోజు సముద్రం బాగాలేదు, వేటకి వెళ్లను అని మావ అన్నాడు. భయమైతే మా అమ్మ చీర కట్టుకుని ఇంట్లో కూర్చో మావా అని అమ్మాయి అంది. మావ నవ్వి వల తీసుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ మాట అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. మావని అమ్మాయే చంపినట్టా? అమ్మాయి ఇప్పుడు ఏం చెయ్యాలి?"

హెడ్మాస్టరు కాఫీ కప్పు ఆయన ముందుకి జరిపారు.

మీలో ఈ ప్రాంతం కానివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ మేనమామకీ మేనకోడలికీ మధ్య ఎగతాళి అంటే ప్రేమ. ఆటపట్టించని కోడలు ఉంటే మావకే చిన్నతనం. 'సీర కట్టుకో మావా' అనే మాట ఆ వీధుల్లో రోజుకి పదిసార్లు వినబడుతుంది. ఆ పిల్ల అందరు పిల్లలూ అనే మాటే అంది. ఆ ఒక్క రోజు సముద్రం ఊరుకోలేదు. ఏడు నెలలుగా ఆ మాటని గొంతులో పెట్టుకుని బడికొచ్చి, నేను చెప్పిన కాంతి కిరణాల బొమ్మలు గీసింది.

"ఇక్కడ మీరు 'తగు సలహా ఇవ్వడమైనది' అని రాశారు. ఏం సలహా ఇచ్చారు మేడం?" అన్నాడాయన. గొంతులో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఆ పిల్ల నాకు నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. నాకు అప్పుడే తెలిసిందనీ, నేను చదవకుండా రాశాననీ, తప్పయిందనీ చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆయన మహా అయితే ఒక మెమో ఇచ్చేవాడు. ఆ మెమో ఈపాటికి చెదలు తినేసి ఉండేది.

"ధైర్యంగా ఉండమని చెప్పాను సార్. చదువు మీద దృష్టి పెట్టమన్నాను" అన్నాను.

"ఇప్పుడు ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"బాగుంది సార్. మామూలుగా అయిపోయింది."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, తల ఊపి, రిజిస్టరు కింద 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు. పిల్లల్ని పంపించేశారు. నేను ఆ అమ్మాయి వైపు చూడలేదు. చూడలేకపోయాను అని రాస్తే నామీద నాకే జాలి వేసినట్టుంటుంది. చూడలేదు, అంతే.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక స్టాఫ్‌రూములో కూర్చుని రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

'ఒక విద్యార్థికి రాత్రి నిద్ర పట్టడం లేదు. సలహా: టీచరుగారు విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా విన్నారు. ఆ రాత్రి విద్యార్థికి నిద్ర పట్టింది.'

'ఒక విద్యార్థికి అలల చప్పుడు వింటే గుండె దడ వస్తోంది. సలహా: టీచరుగారు విద్యార్థి చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా నడిచారు. దడ కొంచెం తగ్గింది.'

'ఒక విద్యార్థికి ఏడుపు రావడం లేదు. సలహా: టీచరుగారు కోప్పడలేదు. రాకపోయినా పర్వాలేదన్నారు.'

ఇలా పేజీల నిండా. సమస్యలన్నీ ఒక్క మనిషివే. సలహాలన్నీ ఒక్క టీచరువే, కాకపోతే అలాంటి టీచరు మా బడిలో లేదు. 'ఊహించి రాయి' అన్నాను కదా, నన్ను నాకంటే మంచిదానిగా ఊహించి రాసింది. ఒక్క ప్రశ్నకి మాత్రం ఊహించుకున్న టీచరు దగ్గర జవాబు దొరకలేదు. అందుకని గడి ఖాళీగా వదిలింది.

నేను నింపిన గడి తర్వాత, చివరి శనివారం రాసినవి మూడున్నాయి. 'ఒక విద్యార్థికి లెక్కలంటే భయం. తగు సలహా ఇవ్వడమైనది.' 'ఒక విద్యార్థి ఆలస్యంగా వస్తున్నాడు. తగు సలహా ఇవ్వడమైనది.' మూడోదీ అదే. ముప్పై ఏళ్లలో నేను ఎవరికీ ఏ పాఠమూ అంత తొందరగా నేర్పలేదు.

మర్నాడు మాట్లాడదామనుకున్నాను. మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు మేనత్తని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాను. బదిలీ అయ్యాక బడి గేటు దాటి ఊళ్లోకి నడవడం అదే మొదటిసారి. ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మధ్యనుంచి దారి. ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకోకుండా నడిచాను. దాన్నో త్యాగంలా లెక్కేసుకున్నాను కూడా, నా బుద్ధి అలాంటిది.

తల్లి చాప వేసింది. అమ్మాయి లోపల వలల కుప్ప పక్కన కూర్చుంది, బయటికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి మొదలుపెట్టాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను: అది నీ తప్పు కాదు, ఆ మాట నేను ముందే చెప్పాల్సింది, నన్ను క్షమించు. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"పరీక్షలు రెండు నెలలే ఉన్నాయమ్మా. ఇప్పుడు మానేస్తే ఏడాది పోతుంది. ముందు పరీక్షలు రాసెయ్. తర్వాత అన్నీ మాట్లాడుకుందాం."

లోపలినుంచి మెల్లగా అంది. "రిజిస్టరు సగంలో ఉండిపోనాది టీచర్. ఇంకెవులిసేతనైనా రాయించీండి."

తల్లికి విషయం తెలియదు. "ఏటి రిజిస్టరు? ఏటైనాదే?" అని కూతుర్ని అడుగుతోంది. ఇటు నావైపు తిరిగి, "బడిలో ఏటైనా అన్నారా తల్లీ?" అని అడిగింది.

"ఎవలూ ఏటీ అన్నేదు. అదే బాద" అంది మేనత్త. ఆవిడ నావైపు చూడలేదు. నేను మాట్లాడతాలే అన్న మాట ఆవిడకి గుర్తుందని నాకు అర్థమైంది.

రెండుసార్లు మళ్లీ వెళ్లాను. రెండోసారికి అమ్మాయిని తండ్రి దగ్గరికి గుజరాత్ పంపేశారు. అక్కడ చేపల షెడ్డులో పని దొరుకుతుందట. సముద్రం చప్పుడు వింటే గుండె దడ వచ్చే పిల్లని మరో సముద్రం ఒడ్డుకి పంపారు. వాళ్లకి మరో దారి ఎవరు చూపించారు గనక?

హాల్ టికెట్ వచ్చింది. ఫొటోలో జడలు రెండూ ముందుకేసుకుని ఉంది. పరీక్షలైనన్ని రోజులూ అది నా సొరుగులో ఉంది. మేలో ఫలితాలొచ్చాయి. పరీక్ష రాయనివాళ్లు లెక్కలోకి రారు కాబట్టి మా బడికి నూటికి నూరు వచ్చింది. స్టాఫ్‌రూములో మైసూర్‌పాకులు పంచారు. డ్రిల్లు మాస్టారు నా పక్కకి వచ్చి, "పోన్లెండి మేడం, ఒక రకంగా మంచిదే అయింది. ఆ పిల్ల ఆ మనసుతో రాసి తప్పి ఉంటే మన పర్సంటేజీ పోయేది" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన అన్న మాట అప్పటికే నా మనసులో ఒకసారి వచ్చి పోయింది. మీకు నా మీద అసహ్యం వేస్తే ఇక్కడ వెయ్యాలి, తనిఖీ దగ్గర కాదు.

ఇంకో మూడేళ్లు అక్కడే పనిచేశాను. శనివారం చివరి పీరియడులో కిరణాలు చెప్పడం మానేశాను. పిల్లలతో కూర్చున్నాను. కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు. "ఆకలి టీచర్" అన్న కుర్రాళ్లలాంటి వాళ్లని నవ్వి ఊరుకోకుండా అడిగితే, వాళ్లలో ఇద్దరు నిజంగానే పొద్దున్న ఏమీ తినకుండా వస్తున్నారని తెలిసింది. రిజిస్టరు నేనే రాశాను. నా దస్తూరి అంత బాగోదు. కొత్త హెడ్మాస్టరు పాతదీ నాదీ పక్కపక్కన పెట్టి చూసి, "ఈమధ్య రికార్డు నాణ్యత తగ్గింది మేడం" అని రిమార్కు రాశారు. ఉద్యోగంలో నాకొచ్చిన రిమార్కు అదొక్కటే. దాన్ని దాచుకున్నాను.

ఇదంతా చదివి, చివర్లో ఈవిడ మారింది కదా అని మీకు అనిపించవచ్చు. మారితే ఎవరికి లాభం? ఒక పిల్లని ఖర్చుపెట్టి నేను మంచి టీచర్‌ని అయ్యాను. అలాంటి మంచితనం మీకు వద్దు.

రిటైరయ్యాక కిందటేడు నరసన్నపేటలో పాత సహోద్యోగిని ఇంట్లో పెళ్లికి వెళ్లాను. తిరిగి వస్తూ మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డాను. స్టాండు చివర చేపల గంపలతో నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. "టీచర్" అని పిలిచింది ఒకతి. గొంతు గుర్తుపట్టాను.

పాతికేళ్లు ఉంటాయి. లావైంది, ముక్కుపుడక పెట్టింది. లేచి నిలబడి, "బాగున్నారా టీచర్? మీరు సేపలు తినరు కదా, నేకపోతే మంచి పారలున్నాయి" అంది నవ్వుతూ. పెళ్లయిందట, ఒక ఆడపిల్లట. గుజరాత్ నుంచి వచ్చి నాలుగేళ్లయిందట. నిద్ర పడుతోందా అని అడిగాను. అడగడం ఎలాగో తెలియక అడిగాను.

"ఆ... పట్టినరోజు పడతాది" అంది.

చుట్టూ జనం ఉన్నారు. గంపల మీద ఈగలు. అక్కడే, నిలబడినచోటే చెప్పేశాను. పది సంవత్సరాలు ఆలస్యంగా.

"అది నీ తప్పు కాదమ్మా. అందరూ అనే మాటే నువ్వూ అన్నావు. మీ మావ నీ మాటకి వెళ్లలేదు, రోజూ వెళ్లినట్టే వెళ్లాడు. నవ్వుతూ వెళ్లాడని నువ్వే రాశావు, నీ మీద కోపంతో వెళ్లలేదు. ఈ మాట నీకు అప్పుడే చెప్పాలి. నేను చదవలేదు. చదవకుండా సంతకం పెట్టాను."

ఆమె వింటూ గంప మీద తడిగుడ్డ సర్దింది. కళ్లలో నీళ్లేమీ లేవు. సర్దినచోటే మళ్లీ సర్దింది. ఇంతలో వాళ్ల ఊరి బస్సొచ్చింది. గంప ఎత్తబోతుంటే నేను వంగి ఒక పక్క పట్టుకోబోయాను.

"వద్దు టీచర్, మీ సీరకి వాసనంటుకుంతాది" అని తనే ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

బస్సు మెట్టెక్కి, గంప లోపలికి తోసి, కమ్మీ పట్టుకుని నావైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు సెప్పినారు సూడండి టీచర్, అదంతా పడతాదనే ఆ గడి అంత పెద్దది గీసినాను" అంది.